మెట్ల కింద మనుషులు

ఈ దేశంలో స్థిరపడ్డ తెలుగువారి ఇళ్ళలో ఒక విచిత్రం మీరూ గమనించే ఉంటారు. క్రికెట్ దగ్గర భార్యాభర్తలకు పడదు, తెలుగు సీరియళ్ళ దగ్గర పెద్దలకూ పిల్లలకూ పడదు, వార్తల దగ్గర ఎవరికీ ఎవరితోనూ పడదు. కాని పాతకాలపు దొరల భవనం, పై అంతస్తులో ప్రభువులు, కింది అంతస్తులో నౌకర్లు, వెండి పళ్ళేలు, పిలుపు గంటలు, గుర్రపు బళ్ళు ఉన్న కథ టి.వి.లో వస్తోందంటే మాత్రం ఇంటిల్లిపాదీ ఒకే సోఫాలో సర్దుకుని కూర్చుంటారు. 2010 సెప్టెంబరు నుంచి 2015 క్రిస్మస్ దాకా ఐ.టి.వి.లో 'డౌన్‌టన్ ఆబీ' వచ్చిన ఆదివారం రాత్రుల్లో మన ఇళ్ళలో ఫోన్లు మోగినా ఎత్తేవారు కాదు. ఆ తర్వాత 2019లో, 2022లో, 2025లో అదే కథ సినిమాలుగా వస్తే, డబ్బు పెట్టి హాలుకు వెళ్ళి మరీ చూశాం.

మనకు ఎందుకింత ఇష్టం? దుస్తులు బాగుంటాయి, ఇంగ్లీషు స్పష్టంగా వినిపిస్తుంది, పిల్లల పక్కన కూర్చుని ఇబ్బంది పడకుండా చూడవచ్చు అని సాధారణంగా చెప్పుకుంటాం. అవన్నీ నిజమే. కాని అసలు కారణం మరొకటి ఉందని నాకనిపిస్తుంది. ఆ ఇల్లు మనకు పరాయి ఇల్లు కాదు. మెట్లు, గంటలు, టోపీలు కొత్తవి కావచ్చు, కాని ఒకరు కూర్చుంటే పదిమంది నిలబడే ఆ పద్ధతి మనం ఎరిగినదే. అందుకే ఈ భవనాల చరిత్రను, దాని పక్కనే మన గడీల చరిత్రను పెట్టి ఒకసారి చూద్దామని ఈ ప్రయత్నం.

వంటింట్లో పుట్టిన కథలు

ఈ రకం కథలు ప్రభువుల ఇంటి నుంచి రాలేదు, వంటింటి నుంచి వచ్చాయి. 1907లో హోవ్ పట్టణంలో పుట్టిన మార్గరెట్ పవెల్ అనే ఆమె, చిన్న వయసులోనే పెద్దింట్లో వంటింటి పనిపిల్లగా చేరింది. ఆమె తన అనుభవాలను 1968లో పుస్తకంగా తెచ్చింది. గిన్నెలు తోమిన చేయి కలం పట్టి, యజమానులు ఎలా కనిపించేవారో కింది నుంచి చూసి చెప్పడం పాఠకులకు కొత్తగా తోచింది. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది.

మూడేళ్ళ తర్వాత, 1971లో, 'అప్‌స్టెయిర్స్ డౌన్‌స్టెయిర్స్' మొదలైంది. లండన్‌లోని ఈటన్ ప్లేస్ అనే వీధిలో ఒక కుటుంబం, ఆ ఇంటి నౌకర్లు కలిసి నడిపిన కథ అది. ఆలోచన ఇద్దరు నటీమణులది: జీన్ మార్ష్, ఐలీన్ అట్కిన్స్. ఇద్దరి కన్నవారూ ఒకప్పుడు పెద్దిళ్ళలో పనిచేసినవారే. జీన్ మార్ష్ స్వయంగా రోజ్ అనే పనిమనిషి వేషం వేసింది. 1975 వరకు 68 భాగాలు వచ్చాయి. ఆ రోజుల్లో ఆసుపత్రి క్వార్టర్లలో కాపురాలు పెట్టిన మన తొలితరం డాక్టర్లు ఈ సీరియల్ చూసే ఇంగ్లీషు మర్యాదలు నేర్చుకున్నామని నవ్వుతూ చెబుతుంటారు.

1989లో కజువో ఇషిగురో రాసిన 'ద రిమెయిన్స్ ఆఫ్ ద డే' నవలకు బుకర్ బహుమతి వచ్చింది. జీవితమంతా యజమానికే అర్పించి, తన మనసులో మాట చెప్పుకోలేకపోయిన ఒక బట్లర్ కథ అది. 1993లో వచ్చిన సినిమాలో ఆంథొనీ హాప్కిన్స్ ఆ పాత్ర వేశాడు. ఇంగ్లీషు బట్లరు గురించి ఇంత గొప్ప నవల రాసినవాడు జపాన్‌లో పుట్టినవాడు. సినిమా తీసినవారిలో ఒకరైన ఇస్మాయిల్ మర్చంట్ మన బొంబాయివాడు. పరాయివాళ్ళకే ఈ ఇళ్ళ లోపలి సంగతి బాగా కనబడుతుందేమో! తర్వాత 2001లో 'గాస్ఫర్డ్ పార్క్' సినిమాకు కథ రాసి ఆస్కార్ తెచ్చుకున్న జూలియన్ ఫెలోస్, తొమ్మిదేళ్ళకు 'డౌన్‌టన్ ఆబీ' రాశాడు.

లెక్కలో ఉన్న నౌకరు

ఇంగ్లండులో నౌకరు పుస్తకాలకెక్కిన మనిషి. ఇది మొదట గుర్తుపెట్టుకోవలసిన సంగతి. 1777లో అమెరికా యుద్ధం ఖర్చుల కోసం లార్డ్ నార్త్ ప్రభుత్వం మగ నౌకర్ల మీద తలకు ఒక గినీ చొప్పున యజమానుల దగ్గర పన్ను వసూలు చేసింది. ఆ పన్ను ఏదో ఒక రూపంలో 1937 దాకా ఉంది. పన్ను ఉందంటే లెక్క ఉంది. లెక్క ఉందంటే కాగితం ఉంది. 1861లో మిసెస్ బీటన్ రాసిన గృహనిర్వహణ గ్రంథంలో ఎవరికి ఏడాదికి ఎంత జీతమో పట్టిక వేసి ఉంటుంది: బట్లరుకు 25 నుంచి 50 పౌన్లు, అంట్లు తోమే పిల్లకు 5 నుంచి 9 పౌన్లు. తేడా మాట అటుంచండి, తోమే పిల్లకూ ఒక అంకె ఉంది.

1911 జనాభా లెక్కల నాటికి ఇంగ్లండు, వేల్సులలో సుమారు పదమూడు లక్షల మంది స్త్రీలు ఇళ్ళలో నౌకరీ చేస్తున్నారు. ఆడవాళ్ళకు దొరికే ఉద్యోగాల్లో అన్నిటికన్నా పెద్దది అదే. మిల్లులూ బడులూ దాని తర్వాతే. ఆ ఏడాది లెక్కలకు ఒక విశేషం ఉంది. ఇంటి యజమాని తన చేత్తో నింపిన కాగితాలనే భద్రపరిచారు. కాబట్టి ప్రభువు స్వదస్తూరీలో తన భార్యాబిడ్డల పేర్ల కిందనే వంటమనిషి పేరు, వయసు, పుట్టిన ఊరు కనబడతాయి. ఈ రోజు ఎవరైనా ఇంట్లో కూర్చుని, తన ముత్తవ్వ ఏ ఇంట్లో ఏ పని చేసిందో కంప్యూటర్లో వెతికి పట్టుకోవచ్చు.

అయితే పేరు ఉన్నంత మాత్రాన ఆ పేరుతో పిలిచారని కాదు. తలుపు దగ్గర నిలబడే ఫుట్‌మన్ అసలు పేరు ఏదైనా చాలా ఇళ్ళలో వాణ్ణి 'జేమ్స్' అనో 'జాన్' అనో పిలిచేవారు. వాడు పోయి కొత్తవాడు వస్తే వాడూ జేమ్సే. వంటామెకు పెళ్ళి కాకపోయినా 'మిసెస్' తగిలించేవారు. యజమానురాలి సొంత పనిమనిషిని ఇంటిపేరుతో పిలిచేవారు. పేరు మనిషిది కాదు, ఆ కుర్చీది.

కట్టడం కూడా అటువంటిదే. నౌకర్లకు వేరే మెట్లు, వేరే తలుపులు, పచ్చ ఉన్నిగుడ్డ వేసి చప్పుడు వినబడకుండా చేసిన అడ్డు. పొయ్యిలో బొగ్గులు వేసే పిల్ల దొరవారు లేవకముందే వచ్చి వెళ్ళిపోవాలి. పని జరగాలి, పనిచేసే మనిషి కనబడకూడదు – ఇదీ ఆ భవనాల సూత్రం.

ఈ సూత్రానికి అపవాదుగా ఒక ఇల్లు ఉంది. సెలవుల్లో పిల్లలతో వెళ్ళదగ్గది. వేల్సులో రెక్సమ్ దగ్గర ఎర్డిగ్ అనే భవనం. అక్కడి యార్క్ కుటుంబం 1790ల నుంచే తమ నౌకర్ల చిత్రాలు వేయించి, వారి గురించి పద్యాలు కట్టి గోడలకు తగిలించింది. ఫొటోలు వచ్చాక ఫొటోలు తీయించింది. తోటమాలి, వడ్రంగి, ఇల్లు చూసుకునే ఆమె – వీళ్ళంతా గోడల మీద నుంచి మనల్ని చూస్తారు. 1973లో ఆ ఇల్లు నేషనల్ ట్రస్టు చేతికి వచ్చింది. సందర్శకులు లోపలికి వెళ్ళే దారి సింహద్వారం కాదు, నౌకర్ల పని ఆవరణ.

చక్కెర ఎంత, చేదు ఎంత?

టి.వి.లో చూసే దొరలు మరీ మంచివాళ్ళు. డౌన్‌టన్‌లో వంటామె మిసెస్ ప్యాట్‌మోర్‌కు చూపు మందగిస్తే, ప్రభువు తన ఖర్చుతో లండన్‌లోని మూర్‌ఫీల్డ్స్ ఆసుపత్రికి పంపిస్తాడు. వైద్యవృత్తిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఆ భాగం నాకు ప్రత్యేకంగా గుర్తుంది. కళ్ళు చెమర్చే ఘట్టమే, సందేహం లేదు. కాని అదే కాలంలో నిజంగా జరిగినదేమిటి? 1911లో లాయిడ్ జార్జ్ జాతీయ బీమా చట్టం తెచ్చాడు. పనిమనిషి వారానికి మూడు పెన్నీలు, యజమానురాలు మూడు పెన్నీలు కట్టాలి. జబ్బు చేస్తే పనిమనిషికి డాక్టరూ దొరుకుతాడు, కొంత భత్యమూ దొరుకుతుంది. ఈ స్టాంపులు మేము అతికించమంటూ గొప్పింటి స్త్రీలు అదే ఏడాది ఆల్బర్ట్ హాల్లో పెద్ద సభ పెట్టి నిరసన తెలిపారు. తమ వెంట పనిమనుషులనూ తీసుకొచ్చారు. 1948లో వచ్చిన ఎన్.హెచ్.ఎస్.కు, అంటే మనలో చాలామందికి అన్నం పెడుతున్న సంస్థకు, మూలాల్లో ఆ మూడు పెన్నీల స్టాంపు ఒకటి. కథలో ప్రభువు దయ కనబడుతుంది. చరిత్రలో దయ చాలని చోట చట్టం రావలసి వచ్చింది.

కథ అన్నీ దాచలేదనే మాట కూడా చెప్పాలి. ఎథెల్ అనే పనిమనిషి ఒక సైనికాధికారి వల్ల గర్భవతి అయి, ఉద్యోగం పోగొట్టుకుని, బిడ్డను ఎత్తుకుని వీధిన పడుతుంది. అటువంటి ఆడపిల్లలకు ఆ రోజుల్లో జరిగినది అదే. యజమాని మంచి మాట రాసిచ్చిన కాగితం లేకపోతే మరో ఇంట్లో పని దొరకదు. వారానికి ఒక పూట సెలవు, మగస్నేహాలు నిషేధం.

చిత్రీకరణలోనే ఒక చిన్న నీతి ఉంది. పై అంతస్తు దృశ్యాలు హైక్లియర్ కోటలో తీశారు. హాంప్‌షైర్‌లో ఉన్న ఆ కోట నిజంగా కార్నార్వన్ ప్రభువులది. 1922లో తూటన్‌కామున్ సమాధి తవ్వకాలకు డబ్బు పెట్టినవారు వారే. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ ఇంటి దొరసాని ఆల్మీనా అక్కడ గాయపడ్డ సైనికులకు ఆసుపత్రి నడిపింది. కాని కింది అంతస్తు, అంటే వంటిల్లు, నౌకర్ల హాలు, అక్కడ తీయడానికి పనికొచ్చే స్థితిలో లేవు. ఈలింగ్ స్టూడియోలో కొత్తగా సెట్టు వేయవలసి వచ్చింది. ప్రభువు గది నిలిచింది, వంటిల్లు మిగల్లేదు.

ఆ ఇళ్ళు కూడా చాలా వరకు నిలవలేదు. 1894లో మరణానంతర ఆస్తిపన్ను వచ్చింది. యుద్ధంలో పనిపిల్లలు మందుగుండు ఫ్యాక్టరీలకు వెళ్ళి, చేతికి జీతం, సాయంత్రానికి తీరిక అంటే ఏమిటో రుచి చూశారు. ఇరవయ్యో శతాబ్దంలో ఇంగ్లండులో వెయ్యికి పైగా భవనాలను పడగొట్టారు. 1974లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఈ కూల్చివేతల మీదే ప్రదర్శన పెట్టింది.

ఆ వైభవంలో మన వంతు

ఈ ఇళ్ళను చూసి మురిసేటప్పుడు, కట్టడానికి డబ్బు ఎక్కడిదని అడగడం మన హక్కు. డౌన్‌టన్ కుటుంబానికి లండన్‌లో ఉన్న ఇంటి లోపలి దృశ్యాలు కొన్ని బెర్క్‌షైర్‌లోని బాసిల్డన్ పార్కులో తీశారు. ఆ భవనం 1776లో కట్టడం మొదలుపెట్టినవాడు ఫ్రాన్సిస్ సైక్స్. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా బెంగాల్లో సంపాదించి వచ్చినవాడు.

తెలుగు నేలతో సంబంధం ఉన్న భవనం కావాలంటే హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో వుడ్‌హాల్ పార్కు ఉంది. దాన్ని కట్టించినవాడు సర్ థామస్ రంబోల్డ్. 1765లో మొగలు ఫర్మానాతో, 1766లో నిజాముతో ఒప్పందంతో ఉత్తర సర్కారులు కంపెనీ అధీనంలోకి వచ్చాయని చిన్నప్పుడు పాఠాల్లో చదువుకున్నాం. 1778లో రంబోల్డ్ మద్రాసు గవర్నరుగా వచ్చాడు. సర్కారుల్లో తిరిగి శిస్తు పరిస్థితి విచారించే కమిటీని ఆపించి, జమీందారులే మద్రాసు రావాలని హుకుం జారీ చేశాడు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వందల మైళ్ళ ప్రయాణం. గవర్నరును ప్రసన్నం చేసుకోవడానికి ఏమేం చేతులు మారాయన్నది లండన్‌లో పెద్ద దుమారమైంది. 1782లో పార్లమెంటు విచారణ పెట్టింది. శిక్షించే బిల్లు మరుసటి ఏడాది వీగిపోయింది. రంబోల్డ్ అంతకుముందు బెంగాల్లోనూ సంపాదించాడు కాబట్టి, ఆ ఇంట్లో ఏ ఇటుక ఎక్కడి డబ్బుదో విడదీయడం కుదరదు. తమాషా ఏమిటంటే, ఆయన కుర్రతనంలో లండన్ క్లబ్బులో బూట్లు తుడిచాడని శత్రువులు పాటలు కట్టి ఎగతాళి చేశారు. చరిత్రకారులు నమ్మని మాట అది. రైతు కష్టం దోచాడన్న ఆరోపణ కంటే నౌకరీ చేశాడన్నదే పెద్ద తిట్టు ఆ సమాజంలో!

డబ్బుతోపాటు మన దేశపు మనుషులూ ఈ ఇళ్ళకు వచ్చారు. దొరసానుల పిల్లలను ఓడలో సాకుతూ కలకత్తా, బొంబాయి, మద్రాసు రేవుల నుంచి వచ్చిన ఆయాలు వాళ్ళు. ఇక్కడ దిగాక పని అయిపోయిందని కొందరిని వదిలేసేవారు. తిరుగు ప్రయాణానికి మరో కుటుంబం దొరికేదాకా తలదాచుకోవడానికి లండన్‌లో ఆయాల ఇల్లు ఉండేది. 1900 నుంచి అది హాక్నీలో, కింగ్ ఎడ్వర్డ్స్ రోడ్డు 26వ నంబరు ఇంట్లో నడిచింది. 2022లో ఆ ఇంటికి నీలి ఫలకం పెట్టారు. ఓడ ప్రయాణికుల జాబితాల్లో దొర పేరుంటుంది, దొరసాని పేరుంటుంది, పసిబిడ్డల పేర్లుంటాయి. ఆ వరుసలోనే 'ఫలానా వారి ఆయా' అని ఉంటుంది. తరచు అంతకుమించి ఏమీ ఉండదు. మనకంటే ముందు ఈ దేశపు పెద్దిళ్ళలో అడుగుపెట్టిన మన ఆడవాళ్ళు వాళ్ళే, వెనక గుమ్మం నుంచి.

"ఇది మా గడీ ముచ్చటే"

2012లో మా అమ్మ కొన్ని నెలలు మా దగ్గర ఉంది. ఇంగ్లీషు రాదు. అయినా డౌన్‌టన్ ఒక్క వారం తప్పలేదు. "అర్థమైతున్నదా అమ్మా?" అని అడిగితే, "అర్థం గాకపోవుడేంది బిడ్డా, ఇది మా గడీ ముచ్చటే గద" అంది. తర్వాత ఒక్కటే అనుమానం వెలిబుచ్చింది: "కని గీ దొర నౌకరుకు మర్లి థాంక్స్ జెప్తడేందిరా?"

ఆమెది పాత వరంగల్ జిల్లాలో ఒక పల్లె. ఆంధ్ర ప్రాంతపు మిత్రులకు 'గడీ' అన్న మాట పరిచయం లేకపోవచ్చు. నిజాం రాజ్యంలో దేశ్‌ముఖులు, జాగీర్దారులు ఉండే కోటలాంటి ఇల్లు అది. ఎత్తయిన ప్రహరీ, బురుజులు, ఏనుగు పట్టేంత దర్వాజా, లోపల కచేరి. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద రాసిన గ్రంథంలో విసునూరు దేశ్‌ముఖు భూమి నలభై వేల ఎకరాలని లెక్క చెప్పారు. ఇంగ్లండులోనూ అంతకు మించిన ఎస్టేట్లు కొన్నే ఉండేవి.

తేడా జీతం దగ్గర వస్తుంది. గడీలో నడిచింది నౌకరీ కాదు, వెట్టి. చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, మంగలి క్షౌరం చేయాలి, మాదిగ చెప్పులు కుట్టివ్వాలి, ఊరి మాల మాదిగ ఇళ్ళ నుంచి మనిషి వచ్చి కబుర్లు మోయాలి – ఇవన్నీ కూలి లేకుండా, పుట్టిన కులం లెక్కన. నిజాం ప్రభుత్వం వెట్టిని అరికడుతూ ఫర్మానాలు జారీ చేసినా అవి గడీ దర్వాజా దాటి లోపలికి పోలేదు. జీతం లేని చోట జీతాల పుస్తకం ఉండదు. జీతాల పుస్తకం లేని చోట పేర్లు ఉండవు.

కట్టడంలోనూ తేడా కనబడుతుంది. ఇంగ్లీషు భవనం నౌకరును దాచిపెడుతుంది. గడీ ఎదురుగా నిలబెడుతుంది. చెప్పులు చేత పట్టుకుని, తలపాగా తీసి, "నీ బాంచెన్ దొరా, కాల్మొక్త" అనాలి. అక్కడ అణకువ చప్పుడు చేయకూడదు. ఇక్కడ అణకువ నలుగురికీ వినబడాలి.

అన్నిటికన్నా బరువైనది ఆడబాపల సంగతి. దొర కూతురికి పెళ్ళి చేసి అత్తవారింటికి పంపేటప్పుడు నగలతో, పశువులతోపాటు దాసీగా ఒక ఆడపిల్లను కూడా పంపేవారు. ఆ పిల్లకు పెళ్ళి ఉండదు, సొంత ఇల్లు ఉండదు, దొరగారి మాటకు ఎదురు లేదు. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు' నవలలో వనజ అటువంటి ఆడబాపే. 1988లో బి. నర్సింగరావు తీసిన 'దాసి' సినిమా మొత్తం ఆ ఒక్క స్త్రీ చుట్టూ తిరుగుతుంది. అర్చనకు ఉత్తమ నటి పురస్కారంతో కలిపి ఆ సినిమాకు అయిదు జాతీయ పురస్కారాలు వచ్చాయి. దొర వల్ల కమలాక్షి గర్భవతి అయితే, దొరసాని బలవంతాన ఆ గర్భం తీయిస్తుంది. డౌన్‌టన్‌లో ఎథెల్‌ను వెళ్ళగొట్టారు. కమలాక్షికి వెళ్ళిపోయే దారి కూడా లేదు. ఈ రెండు కథలను ఒకే వారంలో చూసినవారికి రెండు దేశాల తేడా విడమరచి చెప్పనక్కర్లేదు.

మా అమ్మ చెప్పిన మాట ఇది. పోలీసు చర్య తర్వాత వాళ్ళ ఊరి దొరలు హైదరాబాదు వెళ్ళిపోయారు. గడీలో ఒక ముసలామె మిగిలింది. దొరసాని పెళ్ళయి వచ్చిననాడు ఆమె వెంట వచ్చిన పిల్ల. అమ్మ చిన్నప్పుడు, 1950లలో, ఆ ఖాళీ ఇంటిని రోజూ ఊడ్చి, సాయంత్రం దీపం పెట్టేది. పిల్లలు జామకాయల కోసం వెళితే కసిరేది, మళ్ళీ తానే కోసి ఇచ్చేది. "ఆమె పేరేంది?" అని అడిగాను. అమ్మ చాలాసేపు ఆలోచించింది. "గడీ అవ్వ అంటుంటిమి. ఇంకో పేరు ఎవ్వరన్న పిలువంగ నేనైతె ఇనలే" అంది.

సినిమా నౌకర్లు

మరి మన సినిమాల్లో నౌకర్లు లేరా అంటే, ఉన్నారు. 'గుండమ్మ కథ' మనందరం ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. 1962లో వచ్చిన ఆ సినిమాలో రామారావు నౌకరు అంజిగా పిండి రుబ్బుతుంటే ఇప్పటికీ నవ్వుతాం. కాని అంజి నౌకరు కాడు, శ్రీమంతుడి కొడుకు. మారువేషంలో వచ్చాడు. ఆ ఇంట్లో చాకిరీ చేసే సావిత్రి కూడా పనిమనిషి కాదు, గుండమ్మ సవతి కూతురు. ఇద్దరూ చివరికి తమ అంతస్తుకు చేరుకుంటారు. మన వినోద చిత్రాల్లో నౌకరు కథానాయకుడైతే మారువేషమై ఉండాలి, నిజం నౌకరైతే హాస్యగాడై ఉండాలి. నిజమైన నౌకరుకు నిజమైన కథ దక్కింది 'దాసి'లాంటి కొద్ది చిత్రాల్లోనే. డౌన్‌టన్‌లో డ్రైవరు బ్రాన్సన్ ప్రభువు కూతురిని పెళ్ళాడితే మనం కేరింతలు కొట్టాం. అతను ఏ జమీందారు కొడుకుగానూ తేలలేదు. డ్రైవరుగా వచ్చినవాడే ఆమెను పెళ్ళాడాడు.

పేర్లు

గడీల పెత్తనం కూలిన చరిత్ర మనకు తెలుసు. ఆంధ్ర మహాసభ వెట్టికి వ్యతిరేకంగా ఊరూరా కదిలించింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు బలయ్యాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను విసునూరు దొర మనుషుల పాలు కాకుండా నిలుపుకుంది. 1948లో మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దు చట్టం, 1949లో హైదరాబాదులో జాగీర్ల రద్దు వచ్చాయి. ఐలమ్మ పేరును 2024లో హైదరాబాదులోని మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టారు. వెట్టి చేసిన కులంలో పుట్టిన స్త్రీకి దక్కిన గౌరవం చూసి సంతోషించని తెలుగువాడు ఉండడు. కాని ఎదురు తిరిగినవారికి పేర్లు దక్కాయి. ఎదురు తిరగలేక, ఊడ్చి, తోమి, దీపం పెట్టి వెళ్ళిపోయినవారికి దక్కలేదు. వాళ్ళే ఎక్కువమంది.

భవనాలను కాపాడుకోవడం మనవాళ్ళూ నేర్చుకుంటున్నారు. కామారెడ్డి జిల్లా దోమకొండ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. గోడలకు సున్నం వేయవచ్చు. ఆ గోడల మధ్య తిరిగినవారి పేర్లకు మాత్రం ఇంగ్లండులోలాగ జనాభా కాగితాలు లేవు, జీతాల పుస్తకాలు లేవు, ఎర్డిగ్ గోడలు లేవు. ఉన్నది మన పెద్దల జ్ఞాపకం ఒక్కటే. ఆనాటి గడీని, దివాణాన్ని కళ్ళారా చూసినవారికి ఇప్పుడు ఎనభై దాటాయి.

ఇక్కడ మన బతుకు చిత్రమైనది. పగలు ఆసుపత్రిలోనో ఆఫీసులోనో 'సర్' అనిపించుకుంటాం, రాత్రికి ఇంట్లో మన అంట్లు మనమే తోముకుంటాం. లార్డ్ గ్రాంథమూ మనమే, వంటింటి డైసీ కూడా మనమే. కాని అక్కడ, హైదరాబాదులోనో విజయవాడలోనో, మనం లేని లోటు తీరుస్తూ మన తల్లిదండ్రులకు మందులిచ్చి, అన్నం వండి, రాత్రి తలుపు గడియ పెట్టే మనిషి ఒకరు చాలా ఇళ్ళలో ఉన్నారు. వీడియో ఫోనులో వెనక నుంచి ఆమె నీడ కనబడుతుంది. ఆమె ఇంటిపేరేమిటి? ఏ ఊరు? ఎంతమంది పిల్లలు? 1911లో ఇంగ్లీషు ప్రభువు కాగితం మీద నింపిన గళ్ళు ఇవే. చేతిలో ఫోనున్న మనకు నింపడం కష్టం కాదు.

అందుకని ఈ పత్రిక చదివే మిత్రులకు ఒక మనవి. ఈసారి ఊరు వెళ్ళినప్పుడు, లేదా వచ్చే ఆదివారం ఫోను చేసినప్పుడు, ఇంట్లో పెద్దవారిని అడగండి. మన ఇంట్లో పాలు పితికింది ఎవరు? మంత్రసాని ఎవరు? ఊరి గడీలో, దివాణంలో, కరణంగారింట్లో పనిచేసింది ఎవరు? వాళ్ళ అసలు పేరేమిటి? చెప్పినది రికార్డు చేయండి, కాగితం మీద పెట్టండి, పిల్లలకు చదివి వినిపించండి. మీ పెద్దలే ఆ పని చేసినవారైతే మరీ మంచిది. గర్వంగా రాయండి, జీన్ మార్ష్ తన కన్నవారి జీవితాన్ని దేశమంతటికీ చూపించినట్టు. మా అమ్మ ఆ తర్వాత ఊళ్ళో తన వయసువాళ్ళను వాకబు చేసింది. వారిలో ఒకామె, గడీ అవ్వను వాళ్ళ తల్లి 'రాజవ్వా' అని పిలిచేదని చెప్పింది. ఆ పేరును మా ఇంటి పుస్తకంలో రాసుకున్నాం.

సంక్రాంతికో పెత్రమాసకో పెద్దలను తలుచుకుని పేరుపేరునా బట్టలు, బియ్యం పెట్టడం మన ఆచారం. ఆ పేర్ల వరుసలో ఆ ఇంటి పొయ్యి వెలిగించినవారి పేరు కూడా ఒకటి చేర్చుకుందాం.